కెమెరా లేని కథానాయిక – దూబగుంట రోశమ్మ

హాలు నిండా జనం. తెరమీద కథానాయిక పొగరుగా నాలుగు మాటలు విసిరింది. కథానాయకుడు పళ్లు కొరికాడు. చెయ్యి లేచింది. ఛెళ్లుమని చెంపమీద ఒక్కటి! క్షణం సేపు నిశ్శబ్దం... ఆ వెంటనే నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా ఒకటే ఈలలు, చప్పట్లు! దెబ్బ తిన్న అమ్మాయి కళ్లలో నీళ్లు. ఆ నీళ్ల వెనకాల ప్రేమ! రీలు తిరిగేలోగా ఊటీలో డ్యూయెట్!

ఈ సీను మీరూ చూశారు, నేనూ చూశాను. ఒకసారి కాదు, లెక్కలేనన్నిసార్లు. నిజం చెప్పొద్దూ... ఆ ఈలల్లో నా ఈల కూడా ఒకటి ఉండేది.

మొన్న ఇడుపులపాయ బస్సులో ఒక పెద్దమ్మతో మాట్లాడాక మాత్రం, ఆ ఈల మళ్లీ నా నోటికి వస్తుందనే నమ్మకం లేదు.

వేంపల్లెలో బస్సెక్కితే...

నేను వెళ్లింది వేరే పని మీద. పులివెందుల ప్రాంతం అంటే సినిమావాళ్లకు పుణ్యభూమి కదా! 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్.రెడ్డి గారు పుట్టింది ఆ తాలూకా కొత్తపల్లెలోనే. దక్షిణాది నుంచి మొట్టమొదటగా దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మహానుభావుడాయన. ఆయన సొంత గడ్డమీద నేటి కుర్రకారు పాత సినిమాలు చూస్తున్నారా, లేదా? ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లల్ని కదిలిస్తే మంచి వ్యాసం వస్తుందని ఆశపడి వేంపల్లెలో బస్సెక్కాను.

పక్క సీట్లో ఒక పెద్దమ్మ. ఒళ్లో గుడ్డసంచి. సంచిలోంచి నిప్పట్ల వాసన.

"యాడికి నాయనా?" అంది.

"ఇడుపులపాయకే పెద్దమ్మా. సినిమా పత్రికకు రాస్తుంటాను."

"సినిమాలా!" అని నవ్వింది. "నా మనవరాలు ఆడనే చదువుతాంది. ఇంజనీరు అయితాదంట. ఆ పిల్లకే ఈ నిప్పట్లు."

"నువ్వు సినిమాలు చూస్తావా పెద్దమ్మా?"

"చూస్తా. పాటలు మాత్రం వినను."

నాకు ఆశ్చర్యమేసింది. సినిమా చూసి పాట విననివాళ్లు ఉంటారా? ఎందుకని అడిగాను. ఆమె కాసేపు కిటికీలోంచి కొండల వైపు చూసింది. తర్వాత చాలా మామూలుగా, సంతలో బేరం సంగతి చెప్పినట్టు చెప్పింది.

"మా ఇంటాయన తాగొచ్చి కొడతాండె నాయనా. కొట్టేముందర రేడియో సౌండు పెంచుతాండె. సప్పుడు బయటికి పోకూడదు గదా! కడప రేడియోలో సినిమా పాటలు వచ్చే టైమని పక్కింటోళ్లు అనుకుంటారు. ఆయన పొయ్యి ఎన్నో ఏండ్లయింది. ఇప్పటికీ ఆ పాటలొస్తే నాకు వీపు మంట పుడతాది."

బస్సు ఎక్కడో గతుకులో పడి లేచింది. నాకు మాట పెగల్లేదు. మనం ప్రాణంగా పాడుకునే పాటలు ఒక ఇంట్లో దెబ్బల చప్పుడుకు మూతగా పనికొచ్చాయన్నమాట!

"మరి ఎప్పుడు ఆగింది పెద్దమ్మా?"

"దూబగుంటోళ్ల సుద్ది మా ఊరికి వచ్చినంక" అంది.

బి.ఎన్.రెడ్డి గారి వ్యాసం ఆ క్షణంలోనే పక్కకు పోయింది. పాఠకులారా, ఈ వారం మీకు చెప్పబోయేది ఆ దూబగుంట కథ!

ఇంటిపేరు మార్చుకున్న ఆడది

కడప జిల్లాకు తూర్పున వెలిగొండలు దాటితే నెల్లూరు జిల్లా. అందులో కలిగిరి మండలం. ఆ మండలంలో ఒక చిన్న పల్లె దూబగుంట. అక్కడి మనిషి వర్ధినేని రోశమ్మ. మేకప్ లేదు, కాల్షీట్లు లేవు, కటౌట్లు అసలే లేవు. కూలీనాలీ చేసుకునే ఆడవాళ్ల మధ్య బతికిన మామూలు పల్లెటూరి మనిషి.

మన దేశంలో ఆడపిల్లకు పుట్టినప్పుడు తండ్రి ఇంటిపేరు, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు. ఈమెకు మాత్రం ఆ రెండూ కాకుండా ఊరి పేరే ఇంటిపేరైంది. 'దూబగుంట రోశమ్మ' అంటేనే లోకానికి తెలుసు. వెండితెర బిరుదులు అభిమాన సంఘాలు ఇస్తాయి. ఈ బిరుదు ఇచ్చింది జనం!

అంత పెద్ద పని ఏం చేసిందని అడుగుతారేమో. తన ఊరి ఆడవాళ్లతో కలిసి సారా బండిని ఆపింది. అంతే! కానీ ఆ 'అంతే' వెనక ఎంత కథ ఉందో వినండి.

ప్రతినాయకుడి ప్రవేశం

మంచి సినిమాకు గట్టి విలన్ ఉండాలి కదా. ఈ కథలో విలన్ ప్లాస్టిక్ ప్యాకెట్లో ఉంటాడు. వాడి పేరు సారా!

1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' అనే పథకం పెట్టి సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. అంతకుముందు తాగాలంటే అంగడి దాకా నడవాలి. ప్యాకెట్టు వచ్చాక అది జేబులో పట్టింది, పొలం గట్టు దాకా వచ్చింది. తాగేందుకు మంచినీళ్లు దొరకని ఊళ్లకు కూడా సారా జీపు మాత్రం టంచనుగా వచ్చేది! 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజు రాబడి 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. ఆ కోట్లన్నీ ఎక్కడివి? పగలంతా ఎండలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసి సంపాదించిన కూలి డబ్బులవి.

సాయంత్రం మొగుడు ఇంటికొస్తాడు. ఆయన కూలి అంగడిలోనే అయిపోయి ఉంటుంది. ఇక ఆమె కూలి మీద కన్ను. ఇవ్వనంటే దెబ్బ. ఇస్తే పిల్లలకు పస్తు. అన్నం లేదంటే దెబ్బ. ఏడిస్తే దెబ్బ. ఏడవకపోతే పొగరని ఇంకో దెబ్బ!

మరి పక్కింటివాళ్లు? "మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు?" అని తలుపేసుకునేవాళ్లు. ఆ పక్కింటావిడ కూడా దెబ్బలు తినేదే. ఆమె వంతు వచ్చినప్పుడు ఈమె తలుపేసుకునేది. ఊరంతా ఒకే బాధ, కానీ ఎవరి బాధ వాళ్లదే. విలన్ బలమంతా సారాలోనే లేదు. అందులో సగం ఈ మూసిన తలుపుల్లో ఉంది.

మలుపు తిప్పిన పాఠం

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రిళ్లు, పనులన్నీ ముగిశాక, పెద్దవాళ్లకు బడి. పలకలు పట్టుకున్న అమ్మలు, అమ్మమ్మలు! 'అ ఆ'లు దిద్దాక వాళ్ల చేతికి ఒక వాచకం వచ్చింది. అందులో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. సీతమ్మ అనే పల్లె పడుచు తోటి ఆడవాళ్లను కూడగట్టి ఊళ్లో సారా అంగడిని మూయించడం అందులోని కథ.

సినిమా చూసి వచ్చాక మనం ఏం చేస్తాం? క్యాంటీన్లో చేరి కథను చీల్చి చెండాడుతాం. వాళ్లూ అదే చేశారు. కాకపోతే వాళ్ల మాటలు హీరో డ్రెస్సు గురించి కాదు. "ఈ సీతమ్మ మనమే కదా!" అన్న చోట మొదలైంది అసలు కథ. నా మొగుడు కొడతాడని ఒక ఆడది నోరు తెరిచి చెప్పడం, పక్కనున్న ఆడది మావాడూ అంతేననడం... అదే ఆ రాత్రి బడి నేర్పిన అసలు అక్షరం. అంతవరకూ ఇంటి గుట్టుగా ఉన్నది ఆ లాంతరు వెలుగులో ఊరి సమస్య అయింది.

1992లో దూబగుంట ఆడవాళ్లు కదిలారు. ఊళ్లోకి వచ్చే కల్లు బండిని ఆపి వెనక్కి పంపారు. సారా జీపు వచ్చింది, దానికీ అడ్డం నిలబడ్డారు. కంట్రాక్టరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. లైసెన్సు ఉంది, అమ్ముకునే హక్కు ఉందన్నారు. ఆడవాళ్లు జంకలేదు. అమ్మితే కలెక్టరు దాకా పోతామన్నారు. జీపు వెనక్కి తిరిగింది!

ఫైటు లేదు, గాల్లో ఎగిరే సుమోలు లేవు. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ చీరకొంగుల వరస. ఆ వరసకు గొంతుగా నిలిచి, తర్వాత ఆ ఉద్యమానికే ముఖచిత్రమైంది రోశమ్మ.

రిలీజు ఎలా అయిందంటే...

ఇక్కడే తమాషా ఉంది. దూబగుంటలో జరిగిన సంగతే మళ్లీ ఒక పాఠమైంది. దాని పేరు 'ఆడవాళ్లు ఏకమైతే'. ఆ పాఠం ఇతర ఊళ్ల రాత్రి బడులకు చేరింది. పాఠంలోని కథ చదివి దూబగుంట ఆడవాళ్లు కదిలితే, వాళ్ల కథ పాఠమై మిగతా ఊళ్లను కదిలించింది. హాళ్లు లేవు, పోస్టర్లు లేవు. అయినా ఇంతకన్నా పెద్ద హిట్టు తెలుగునాట ఇంకోటి ఉందా?

ఊరూరా చీపుర్లు లేచాయి, కారప్పొడి పొట్లాలు కొంగుల్లో చేరాయి. ప్యాకెట్లు చించి నేలపాలు చేశారు, కుప్పపోసి తగలబెట్టారు. నెల్లూరులో సారా వేలంపాటలు పెట్టాలని అధికారులు ప్రయత్నించిన కొద్దీ ఆడవాళ్లు వచ్చి అడ్డుకున్నారు. పాట వాయిదా మీద వాయిదా పడింది. మహిళా సంఘాలు తోడొచ్చాయి. 'ఈనాడు' పత్రిక రోజూ ప్రత్యేకంగా ఆ వార్తలు వేసింది. వావిలాల గోపాలకృష్ణయ్య గారి లాంటి వృద్ధ స్వాతంత్ర్య యోధులు మద్యనిషేధం కోసం గొంతెత్తారు. నెల్లూరు నుంచి చిత్తూరు, కడప, కర్నూలు... అలా రాష్ట్రమంతా పాకింది.

"మా ఊర్లో గూడా పోయినాం నాయనా" అని పెద్దమ్మ మధ్యలో అందుకుంది. "ఇరవై మందిమి. అంగడోడు మమ్మల్ని చూసి నవ్వినాడు. ఇంకో ఇరవై మంది వచ్చేతలికి నవ్వు నిలిపినాడు."

"మీ ఇంటాయన ఏమన్నాడు?"

"ఆ రాత్రి మళ్లా రేడియో పెంచబోయినాడు. అంతలోనే పక్కింటి లచ్చుమక్క వచ్చి వాకిట్లో కూచునింది. ఏమీ మాట్లాడల్యా. ఊరికే కూచునింది. ఆయన రేడియో తగ్గించి పడుకున్యాడు."

చదువరులారా, ఈ నాలుగు ముక్కలు మళ్లీ ఒకసారి చదవండి. తిట్టలేదు, కొట్టలేదు, కేసు పెట్టలేదు. ఊరికే వాకిట్లో కూర్చుంది! కొట్టేవాడికి కావాల్సింది నాలుగు గోడల చాటు. ఆ చాటు పోయిందంటే వాడి చెయ్యి లేవదు.

తెర మీది రాముడు సంతకం పెట్టిన రోజు

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారాను నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి.

1994 ఎన్నికల్లో మన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని మాట ఇచ్చారు. వారుణి వాహిని పథకం ఆయన మొదటి పాలనలోదే అన్న సంగతి చాలామందికి తెలియదు. అదే మనిషి డిసెంబరు 12న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. తెర మీద రాముడిగా, కృష్ణుడిగా కోట్లమందిని శాసించిన నటుడి చేత స్క్రిప్టు మార్పించింది ఎవరు? కలిగిరి మండలంలో పలక పట్టిన ఆడవాళ్లు!

ఇక్కడ 'శుభం' కార్డు వేసేస్తే బాగుండును. కానీ ఇది జీవితం. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. సారా మీద నిషేధం మిగిలింది, సీసా మాత్రం తిరిగి వచ్చింది. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. తాగినవాడే కొడతాడా? తాగనివాడు కొట్టడా? కొడతాడు! బుద్ధిగా ఆఫీసుకు వెళ్లొచ్చి, కాఫీ చల్లారిందని కొట్టేవాళ్లు లేరా? సారా ఆ చేతికి ఊపు ఇచ్చింది, నిజమే. కానీ కొట్టే హక్కు తనకుందన్న నమ్మకం సారా అంగడిలో దొరికింది కాదు. అది మన ఇళ్లలో, మన సామెతల్లో, మన సినిమా హాళ్లలో పెరిగింది.

84 మంది!

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో ప్రతి పదిమందికీ దాదాపు ముగ్గురు భర్త చేతిలో హింసకు గురైనవాళ్లే. అంతకన్నా గుండె గుభేల్మనే లెక్క ఇంకోటుంది. ఏదో ఒక కారణం మీద భర్త భార్యను కొట్టడం సబబేనా అని ఆడవాళ్లనే అడిగితే, మన ఆంధ్రప్రదేశ్‌లో వందకు సుమారు 84 మంది సబబేనన్నారు. తెలంగాణలోనూ అంతే!

ఆ 84 మందికి ఆ మాట నేర్పినవాళ్లలో మనం లేమా? చెంపదెబ్బకు ఈల వేసినప్పుడల్లా మనమూ ఒక ఓటు వేస్తున్నాం.

సినిమా అంతా ఇంతేనని నేననను. బి.ఎన్.రెడ్డి గారు 1940లోనే 'సుమంగళి' తీసి వితంతు వివాహం గురించి మాట్లాడారు. 1979లో బాలచందర్ 'ఇది కథ కాదు' తీశారు. భార్యను హింసించే భర్తగా మన చిరంజీవి, ఆ కాపురాన్ని కాదని బయటికి నడిచిన ఇల్లాలిగా జయసుధ! ఆ సినిమాలో చిరంజీవిని చూసి ఎవరూ ఈల వేయలేదు, ఒళ్లు మండింది. అదీ నటుడి గొప్పతనం, దర్శకుడి గొప్పతనం. తెలుగు తెర మీద మొదలుపెట్టిన తాప్సీ 2020లో హిందీలో 'థప్పడ్' చేసింది. ఒకే ఒక్క చెంపదెబ్బ మీద నడిచే సినిమా! "ఒక్క దెబ్బే కదా, సర్దుకుపో" అన్నవాళ్లందరికీ జవాబు అది. చెంపదెబ్బను చూపించడం తప్పు కాదు. చప్పట్లు కొట్టించేలా చూపించడం తప్పు.

చట్టం ఏమంటోంది?

ఇప్పుడు అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ చెవులు ఇటు పెట్టండి. భార్యను హింసించడం నేరమని 1983లోనే 498-ఎ సెక్షను వచ్చింది. 2024 జులై నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. అది శిక్షకు సంబంధించింది. మరి రక్షణ? దానికోసం 2005లో గృహహింస చట్టం చేశారు. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది.

ఈ చట్టం దృష్టిలో హింస అంటే కొట్టడమొక్కటే కాదు. బూతులు తిట్టడం, అవమానించడం, లైంగికంగా బాధించడం, ఇంటిఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఆమె సంపాదన లాక్కోవడం... ఇవన్నీ హింసే. భార్యకే కాదు, అదే ఇంట్లో ఉండే తల్లికీ, చెల్లెలికీ కూడా రక్షణ ఉంది. ఇల్లు మొగుడి పేరు మీద ఉన్నా సరే, ఆమెను వీధిలోకి నెట్టకూడదని మేజిస్ట్రేటు ఆర్డరు ఇవ్వవచ్చు. ఆమె జోలికి వెళ్లొద్దని ఇచ్చిన ఆర్డరును మీరితే ఏడాది దాకా జైలు!

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఫిర్యాదు బాధితురాలే చెయ్యాలని లేదు. పక్కింట్లో హింస జరుగుతోందని నమ్మకం కలిగినవాళ్లు ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినందుకు వాళ్ల మీద కేసేమీ రాదు. 181కి ఫోను చేస్తే మహిళల హెల్ప్‌లైను పలుకుతుంది. ప్రాణం మీదికి వస్తే 112.

శుభం కార్డుకు ముందు

బస్సు ఇడుపులపాయ చేరింది. ట్రిపుల్ ఐటీ గేటు దగ్గర సైకిళ్లు, సంచులు, నవ్వులు. పల్లెటూరి బళ్లలో పదో తరగతి దాకా చదివి, మార్కులతో సీట్లు తెచ్చుకున్న ఆడపిల్లలు గుంపులు గుంపులుగా కనిపించారు. అమ్మమ్మ పలక పట్టిన తరానికి మనవరాలు కంప్యూటరు పట్టింది!

దిగబోతూ పెద్దమ్మకు ఒక ముచ్చట చెప్పాను. 2008లో 'బెల్ బజావో' అని టీవీలో చిన్న సినిమాలు వచ్చాయి. పక్కింట్లో దెబ్బల చప్పుడు వింటే మగవాళ్లు వెళ్లి కాలింగ్ బెల్ కొడతారు, ఏదో ఒక సాకు చెప్పి నిలబడతారు. అంతే, లోపల చెయ్యి ఆగిపోతుంది. మీ లచ్చుమక్క చేసిన పనే అది పెద్దమ్మా అన్నాను.

పెద్దమ్మ సంచి సర్దుకుంటూ పకపకా నవ్వింది.

"మా ఇండ్లకు గంటలు యాడున్నాయప్పా? తలుపు కొట్టమని రాయి. రేడియో సౌండు పెరిగితే పోయి తలుపు కొట్టమని రాయి."

రాశాను పెద్దమ్మా!